గెలుపుల లెక్కయు వోట్ల లెక్కయు

శాసనసభలలో దీర్ఘకాలము కూర్చుండినవారిని గూర్చి మనవారు సామాన్యముగ రెండు మాటలతో సరిపెట్టుకొందురు: ఇన్ని మారులు గెలిచిరి, ఇన్ని యేండ్లు సభ్యులుగ నుండిరి. అంతటితో శాలువ కప్పి సభ చాలింతురు. ఆ యిన్ని యేండ్లలో ఆయన దేనికి ఔననిరి, దేనికి కాదనిరి యని అడుగువారు అరుదు. అడిగినచో ఎట్టి సమాధానము వచ్చునో తెలిసికొనగోరువారికి అమెరికా సెనేటులో 1959 మొదలు 2010 వరకు, అనగా 51 సంవత్సరములకు పైగా, పశ్చిమ వర్జీనియా రాష్ట్రమునకు ప్రాతినిధ్యము వహించిన రాబర్టు బర్డుగారి చరిత్రకంటె తగిన యుదాహరణము దొరకదు. ఆయన తన జీవితమున ఒక్క యెన్నికలోనైన ఓడలేదు. సెనేటు గ్రంథములలో ఆయన పేర నమోదైన వోట్లు 18,600కు పైబడి కలవు. మొదటి లెక్క చదువుటకు సుఖముగ నుండును. రెండవది అంత సుఖముగ చదువదగినది కాదు.

బర్డుగారు 1917 నవంబరు 20వ తేదీన ఉత్తర కెరొలినాలో జన్మించిరి. మరుసటి సంవత్సరమున లోకమునెల్ల ఊపివేసిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరమున తల్లి మరణించెను. మేనత్తయు ఆమె భర్తయు పిల్లవానిని దత్తు తీసికొని, తమ యింటిపేరు పెట్టి, పశ్చిమ వర్జీనియాలోని బొగ్గుగనుల సీమకు కొనిపోయిరి. పెంపుడుతండ్రి గనికూలి. పిల్లవాడు పెద్దవాడై పెట్రోలు బంకులో పనిచేసెను, మాంసపు దుకాణములో కత్తి పట్టెను, రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఓడల కార్ఖానాలో ఇనుము అతికెను. కళాశాల పట్టము లేకయే అమెరికా కాంగ్రెసు సభ్యుడై, పగలు సభలోను రాత్రి తరగతిలోను కూర్చుండి, 1963లో న్యాయశాస్త్ర పట్టము సంపాదించెను. ఇంతవరకు ఎవరైనను మెచ్చుకొనదగిన చరిత్రయే.

అయితే 1940 తరువాతి తొలి సంవత్సరములలో ఆయన కూ క్లక్స్ క్లాన్ అను సంఘమున చేరిరి. నల్లజాతివారిని భయపెట్టి అణచియుంచుటకై పుట్టిన ఈ ముసుగు సంఘమును గూర్చి మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. బర్డుగారు ఊరక చేరుటయే గాక, 150 మంది స్నేహితులను బంధువులను కూడగట్టి స్థానిక శాఖ నెలకొల్పి దానికి అధిపతి యైరి. నీలో నాయకత్వ లక్షణములున్నవి, రాజకీయములలోనికి పొమ్మని తనకు తొలుత చెప్పినవాడు ఆ సంఘపు పెద్దయేనని ఆయనయే తరువాత చెప్పుకొనిరి. ఆ సంఘముతో త్వరలోనే తెగతెంపులు చేసికొంటినని ఆయన చెప్పుచుండగా, 1946లో ఆ సంఘాధిపతికి ఆయన వ్రాసిన జాబొకటి 1952 ఎన్నికల సమయమున బయటపడినది. జాబు బయటపడినను ఆయన గెలిచిరి.

గెలుపుల లెక్క ఇక్కడనుండి ఒక్క గుక్కలో చెప్పవచ్చును. 1946లో రాష్ట్ర ప్రతినిధి సభకు, 1950లో రాష్ట్ర సెనేటుకు, 1952, 1954, 1956లలో అమెరికా ప్రతినిధి సభకు, 1958లో సెనేటుకు. అటుపిమ్మట ఆరేండ్ల కొకమారు, 2006 వరకు, సెనేటుకే మొత్తము తొమ్మిది మారులు. తొలి ప్రచారములలో ఫిడేలు చంకబెట్టుకొని పల్లె పల్లెకు తిరిగి వాయించెడివారు. కొండసీమవారు పాట వినవచ్చి మాట విని పోయెడివారు. 1976లో ప్రతిపక్షమువారు అభ్యర్థినే నిలువలేదు. 2000 సంవత్సరమున ఆ రాష్ట్రము అధ్యక్ష పదవికి రిపబ్లికన్ అభ్యర్థి బుష్‌ను ఎన్నుకొనెను. అదే దినమున, అదే పెట్టెలో, డెమొక్రటిక్ పక్షపు బర్డుగారికి నూటికి 77కు పైగా వోట్లు పడెను.

ఇది ఎట్లు జరిగినదని ఆశ్చర్యపడ నక్కరలేదు. ఆయన 1989లో సెనేటు ధనవినియోగ సంఘమునకు అధ్యక్షులై, తన రాష్ట్రమునకు నూరు కోట్ల డాలర్లు తెత్తునని పంతము పట్టి, రెండేండ్లు నిండకమునుపే చెల్లించుకొనిరి. రహదారులు, వంతెనలు, ఆసుపత్రులు, దూరదర్శక యంత్రము సైతము ఆయన పేర వెలసినవి. దేశమంతటి వ్రేలిముద్రలు భద్రపరచు కార్యాలయము ఆ రాష్ట్రమందలి క్లార్క్స్‌బర్గుకు వచ్చెను. సముద్రతీర రక్షకదళమువారి నౌకాకేంద్ర మొకటి మార్టిన్స్‌బర్గునకు వచ్చెను. ఆ రాష్ట్రమునకు సముద్రమే లేదు. మన జిల్లాలలో కాలువ తెచ్చిన సభ్యుని, రైలుస్టేషను తెచ్చిన సభ్యుని ఊరివారు ఏ కంట చూతురో, అక్కడివారును ఆ కంటనే చూచిరి. రోడ్డు వేసినవాడు సభలో ఏమి చేసెనని రోడ్డున పోవువాడు అడుగడు.

ఇప్పుడు రెండవ లెక్కకు వత్తము.

1964లో పౌరహక్కుల బిల్లు సెనేటుకు వచ్చెను. హోటళ్లలో, దుకాణములలో, ఉద్యోగములలో వర్ణభేదమును నిషేధించు బిల్లు అది. సెనేటులో మాటలాడ నారంభించిన సభ్యుని ఆపు అధికారము ఎవరికిని లేదు. ఆ కాలమున హాజరై వోటుచేసినవారిలో మూడింట రెండు వంతులవారు చర్చ చాలించుదమని తీర్మానించిన నాడే నోరు మూతపడెడిది. ఈ నియమమును పట్టుకొని దక్షిణ రాష్ట్రముల సభ్యులు జార్జియా నాయకుడు రిచర్డు రస్సెల్ సారథ్యమున 60 పనిదినములు ఆ బిల్లును ఆపిరి. వారితో కలిసి జూన్ 9వ తేదీ రాత్రి బర్డుగారు లేచిరి. మరునాటి ఉదయము 9 గంటల 51 నిమిషములకు కూర్చుండిరి. ఏకధాటిగ 14 గంటల 13 నిమిషములు మాటలాడిరి.

ఆయన కూర్చుండిన కొంతసేపటికే చర్చ చాలింపు వోటు తీసికొనిరి. కాలిఫోర్నియా సభ్యుడు క్లేర్ ఎంగిల్ మెదడులో వ్రణము పుట్టి మాట పడిపోయిన మనుష్యుడు. చక్రముల కుర్చీలో ఆయనను సభకు తెచ్చిరి. గుమస్తా పేరు పిలిచెను. నోరు పెగలక, ఆయన చేయెత్తి తన కన్ను చూపెను. ఇంగ్లీషున 'ఔన'ను వోటు మాటయు కంటిని చెప్పు మాటయు ఒక్క తీరుననే పలుకుదురు. అనుకూలము 71, ప్రతికూలము 29. కావలసిన దానికంటె నాలుగు ఎక్కువ. పౌరహక్కుల బిల్లుపై సెనేటు చర్చను తెంచగలుగుట అదియే మొదటిసారి. జూన్ 19న 73కు 27 వోట్లతో బిల్లు నెగ్గెను. ఎంగిల్ జూలై ముగియకమునుపే కన్నుమూసెను.

ఆ 27 మందిలో బర్డుగారి స్థానము ప్రత్యేకమైనది. కాదన్న డెమొక్రాట్లు 21 మంది. వారిలో 20 మంది పూర్వము బానిసత్వమును నిలుపుకొనుటకై దేశమునుండి విడిపోవజూచిన దక్షిణ రాష్ట్రములవారు. వారి వోట్లు తప్పే యైనను, వారి వెనుక వారి జిల్లాల తెల్లవారి కోపము నిలిచియుండెను. ఔనన్నచో మరుసటి యెన్నికలో ఇంటికి పోవలసినదే. బర్డుగారి కట్టి నిర్బంధ మేమున్నది? పశ్చిమ వర్జీనియా యనునదే 1863లో, అంతర్యుద్ధ సమయమున, వర్జీనియాతో పోక ఐక్యపక్షమున నిలిచి వేరుపడిన రాష్ట్రము. అక్కడ నల్లజాతివారి సంఖ్య స్వల్పము. అదే రాష్ట్రపు రెండవ సెనేటరు జెన్నింగ్స్ రాండల్ఫ్, అదే పక్షమువాడు, బిల్లునకు ఔననెను. ఔనన్నందులకు ఆయనను ఎవరును ఇంటికి పంపలేదు. ఆ నవంబరులో ఆ రాష్ట్రము చట్టముపై సంతకము చేసిన అధ్యక్షుడు జాన్సనుకు నూటికి 68 వంతుల వోట్లిచ్చెను. చట్టము నాపజూచిన బర్డుగారికిని ఇంచుమించుగ అన్నియే యిచ్చెను. అనగా ప్రజలు ఆయన నాపలేదు, త్రోయలేదు. ఆ పదునాలుగు గంటలును ఆయన సొంతము.

ఈ వోటును బట్టి ఒక మనుష్యుని తూచవచ్చునా యని అడుగువారు తరువాతి వోట్లును చూడవలెను. 1965లో నల్లజాతివారికి వోటుహక్కు నిశ్చయముగ కల్పించిన చట్టమునకు ఆయన కాదనిరి. 1967లో దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు తొలి నల్లజాతి న్యాయమూర్తిగ థర్‌గుడ్ మార్షల్‌ను నియమించుట 69కి 11 వోట్లతో నెగ్గినప్పుడు ఆ 11లో ఆయన యొకరు. 1968 మార్చి 29న, మెంఫిస్ నగరమున పారిశుద్ధ్య కార్మికుల ఊరేగింపులో అలజడి జరిగిన మరునాడు, మార్టిన్ లూథర్ కింగును ఆయన సెనేటులో తీవ్రముగ నిందించిరి. మహాత్ముని మార్గమును తన మార్గమని చెప్పుకొని 1959లో మన దేశమునకు యాత్రికునివలె వచ్చిపోయిన కింగు ఆ నింద జరిగిన ఆరవనాడు, ఏప్రిల్ 4న, అదే మెంఫిస్‌లో తుపాకిగుండుకు బలియైరి.

ఇట్టివాడు సభలో పైకి వచ్చుట ఎట్లన్నచో, పనిచేసి. 1971లో పక్షపు ఉపనాయక పదవికి ఎడ్వర్డు కెన్నెడీతో పోటీపడి 31కి 24 వోట్లతో గెలిచిరి. ఆ 31లో ఒకటి మరణశయ్యనుండి రస్సెల్ పంపిన వోటు. ఆయన ఆనాడే మరణించెను. 1977 మొదలు 1988 వరకు ఒకప్పుడు అధికసంఖ్యాకులకు, ఒకప్పుడు అల్పసంఖ్యాకులకు, మరల అధికసంఖ్యాకులకు బర్డుగారే నాయకులు. సభానియమములు ఆయనకు కరతలామలకము. రోము సెనేటు చరిత్రను ఆయన తమ సభలో పురాణమువలె చెప్పెడివారు.

మార్పు ఎప్పుడు వచ్చినదో ఒక తేదీ చూపుట సాధ్యము కాదు. 1982లో కూతురి కొడుకు మోటారు ప్రమాదమున మరణించినప్పుడు, నల్లజాతి తలిదండ్రులకును తమ బిడ్డలపై ఇంతటి ప్రేమయే యుండునుగదా యను తలపు తనకు కలిగినదని ఆయన చెప్పిరి. అరువదియైదవ యేట గాని ఈ తలపు తట్టకపోవుటకు ఏమనవలెనో పాఠకులే నిర్ణయింపవచ్చును. 1983లో కింగు జన్మదినమును జాతీయ సెలవుదినము చేయు బిల్లునకు ఆయన ఔననిరి. క్లాన్‌లో చేరుట తన జీవితములో ఘోరమైన తప్పు అని, 1964 వోటు తప్పు అని, ఎవరడిగినను ఎన్ని మారులడిగినను దాచక చెప్పుచు వచ్చిరి. చేసిన పాపము చెప్పిన పోవునని మనలో సామెత. కాని 2001లో, ఎనుబదిమూడేండ్ల వయస్సున, టెలివిజనులో మాటలాడుచు నల్లజాతివారిని తిట్టు పాతమాటను రెండు పర్యాయములు నోరుజారి, ఆ దినమే క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చినది. పాతబడిన యింటిలో గోడకు సున్నము వేసినను ఉప్పు పైకి వచ్చుచునే యుండును. అయినను 2010లో ఆయన మరణించినప్పుడు నల్లజాతివారి హక్కులకై శతాబ్దముగ పోరాడిన సంఘమే, ఎన్.ఏ.ఏ.సీ.పీ., ఆయన మార్పును కొనియాడుచు సంతాపము ప్రకటించెను. క్షమించు హక్కు వారిది, వారు క్షమించిరి. మనము వాదింప నక్కరలేదు.

వృద్ధాప్యమున ఆయనకు కీర్తి తెచ్చిన వోట్లు వేరు. శాసనసభ కూర్చిన ఖర్చుపద్దులలో తనకు నచ్చనివాటిని మాత్రము కొట్టివేయు అధికారమును 1996లో అధ్యక్షునకు కాంగ్రెసు కట్టబెట్టగా, సభ తన ఖజానా తాళపుచెవిని తానే జారవిడుచుకొన్నదని ఆయన పోరాడిరి. 1998లో అత్యున్నత న్యాయస్థానము ఆ చట్టమును కొట్టివేసెను. 2002 అక్టోబరులో ఇరాకుపై యుద్ధము చేయు నధికారమును అధ్యక్షునకు ఒప్పగించు తీర్మానము 77కు 23 వోట్లతో నెగ్గినప్పుడు, ఆ 23 మందికి పెద్దదిక్కు బర్డుగారే. 1964 ఆగస్టులో వియత్నాం యుద్ధమునకు తలుపు తెరచిన తీర్మానమునకు తాను ఔనన్నది ఆయన మరువలేదు. అప్పుడు కాదన్నవారు సెనేటంతటిలో ఇద్దరే. ఆ పశ్చాత్తాపము 2002 ప్రసంగములలో స్పష్టముగ వినబడినది. జేబులో రాజ్యాంగపు చిన్నప్రతి పెట్టుకొని తిరిగెడి యీ వృద్ధుని మన వారెవరైనను చూచియుండిన భీష్ముని తలంచుకొనియుందురు. ఆ పోలిక రెండు వైపులను కోయును: సభాధర్మ మంతయు ఎరిగియు, ఒక ఆడుబిడ్డకు న్యాయము చేయవలసిన దినమున ధర్మము సూక్ష్మమని తప్పుకొన్నవాడును ఆ భీష్ముడే.

అమెరికావారు సభ్యుల వోట్లను కొలుచుటకు పరికరములు చేసికొనిరి. ఉదారవాదుల సంఘమొకటి, సంప్రదాయవాదుల సంఘమొకటి, ఏటేట కొన్ని వోట్లను ఏరి సభ్యులకు నూటికిన్ని యని మార్కులు వేయును. కీత్ పూల్, హొవర్డు రోజెంతాల్ అను పండితులు మరియొక అడుగు ముందుకు వేసి, మొదటి కాంగ్రెసు మొదలు ప్రతి సభ్యుడును ఎవరితో కలిసి వోటుచేసెనో గణితమున కట్టి, ఎడమనుండి కుడికి ఒక గీతపై అందరిని నిలిపిరి. ఆ గీతపై బర్డుగారు నడిమి ప్రాంతమున ఉందురు. మెచ్చదగిన పనియే గాని, దీని కందనిది కలదు. 1967లో మార్షల్‌ను కాదన్న బర్డుగారు 1991లో రెండవ నల్లజాతి న్యాయమూర్తి క్లారెన్సు థామస్‌ను కూడ కాదనిరి. ఇరువురిని కాదన్న సెనేటరు ఆయన యొక్కరే. మొదటి 'కాదు' ఆయనను గీతపై కుడికి నెట్టును; రెండవ 'కాదు' ఎడమకు నెట్టును. రెండును కలిసిన నడుమ నిలుచును. నడుమ నిలిచినవానికి, రెండు కొసలకును పోయి వచ్చినవానికి గీత భేదము చూపదు.

మనకీ గీతయైనను లేదు. లోక్‌సభలో బిల్లులు చాలవరకు మూజువాణితో నెగ్గును. ఔనన్నవారెక్కువ యని స్పీకరు ప్రకటించిన సరి. ఎవరైనను పట్టుబట్టినప్పుడు గాని, రాజ్యాంగ సవరణల వంటి వానికి గాని, పేరుపేరున వోటు నమోదు కాదు. అట్లు నమోదైనను అది సభ్యుని వోటని చెప్పుటకు వీలులేదు. 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణ మొదలు, పక్షపు ఆజ్ఞను మీరి వోటుచేసినవాని సభ్యత్వము, పక్షము 15 దినములలో మన్నించిన తప్ప, పోవును. పక్షమును విడిచినను అంతియే. పొద్దున ఒక పక్షము సాయంకాల మొక పక్షమని తిరుగు సంతబేరగాండ్రకు ఈ మందు కావలసినదే; కాదనము. అయితే ఈ మందు మన నిడుబ్రోలు ఆచార్య రంగాగారికిని పట్టియుండెడిది. ఆయన 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించి, తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళము, గుంటూరులనుండి గెలిచి, నడుమ ఓటములు చవిచూచి, 1991లో లోక్‌సభ విడిచిరి. 1957లో తెనాలినుండి కాంగ్రెసు అభ్యర్థిగ గెలిచి, సహకార వ్యవసాయమును గూర్చిన నాగపురి తీర్మానము సొంత భూమిగల రైతునకు ఉరియని తలంచి, 1959లో రాజాజీతో కలిసి స్వతంత్రపక్షమునకు అధ్యక్షులైరి. 1964లో, బర్డుగారు వాషింగ్టనులో రాత్రియంతయు మాటలాడిన ఆ యేటనే, భూసంస్కరణ చట్టములకు న్యాయస్థానములనుండి రక్షణ కల్పించిన 17వ రాజ్యాంగ సవరణను లోక్‌సభలో ఎదిరించిరి. రంగాగారి వాదము సరియైనదా కాదా యనుట వేరొక వ్యాసము. అది ఆయన వాదమే యని మాత్రము మనకు తెలియును. నేడు తెనాలి వోటరు తన సభ్యుని పేరు ఔనన్నవారి పట్టికలో చూచినచో, ఔనన్నది సభ్యుడో, విప్పు వ్రాసిన చీటియో ఎట్లు తెలియవలెను?

బర్డుగారి వోట్లలో కడపటివాటి నొకదానిని చెప్పి విరమింతుము. 2009 డిసెంబరులో వైద్యసహాయపు బీమా బిల్లును ప్రతిపక్షమువారు 1964 నాటి పద్ధతిననే ఆపుచుండిరి. చర్చ చాలింపునకు ఈ నాటికి 60 వోట్లు చాలును. డెమొక్రాట్ల పక్షమున సరిగ 60 మందియే యుండిరి, ఒక్కరు రాకున్నను బిల్లు ఆగును. డిసెంబరు 21వ తేదీ రాత్రి ఒంటిగంట వేళ, నగరము మంచుతో కప్పబడియుండగా, 92 ఏండ్ల బర్డుగారిని చక్రముల కుర్చీలో సభకు తెచ్చిరి. గుమస్తా పేర్లు చదివెను. 60కి 40. ఇంక మూడు దినములకు, 24వ తేదీ ప్రొద్దున 7 గంటలకు, బిల్లుపై తుదివోటు. కెన్నెడీ ఆ ఆగస్టులోనే మరణించియుండెను. బర్డుగారి పేరు పిలువగా, ఇది నా స్నేహితుడు టెడ్ కెన్నెడీ కొరకని పలికి, వణకు చేయి పైకెత్తి, ఔననిరి.